వరిగడ్డికి తోడుగా ఏది మేలు: కోళ్ల లిట్టరా, యూరియానా?

పాలిచ్చే గేదెకైతే యూరియాతో మాగేసిన గడ్డే. కోళ్ల లిట్టర్, అంటే షెడ్డు నేల మీద పరిచిన పొట్టూ దాంట్లో కలిసిన కోళ్ల పెంటా, దాని దరికే రానివ్వొద్దు. లిట్టర్ గురించి ఆలోచించాల్సింది ఒట్టిపోయిన పశువులకు, ఎదిగే పడ్డలకు మాత్రమే.

వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే. పెద్దపొట్టలోని సూక్ష్మజీవులకు నత్రజని చాలక గడ్డి అరగదు. లిట్టర్‌లో 20–25 శాతం ఉంటాయి, వాటిలో దాదాపు సగం అసలు మాంసకృత్తులు కావు, యూరిక్ ఆమ్లం వంటి నత్రజనే. యూరియా కన్నా నిదానంగా అమ్మోనియాగా మారుతుంది కాబట్టి ఒక్కసారిగా విషమెక్కే భయం తక్కువ. దాని మంచి గుణం అంతవరకే.

అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో పాలివ్వని మాంసపు ఆవులకు 80 పాళ్లు లిట్టర్, 20 పాళ్లు మొక్కజొన్న పిండి కలిపి పెట్టే అలవాటుంది. అక్కడి షెడ్లలో పరిచేది ఎక్కువగా చెక్కపొట్టు, వేరుశనగ పొట్టు. మన దగ్గర ఊక. దాన్నిండా ఇసుకలాంటి సిలికా, అరిగేది బహు తక్కువ. లిట్టర్‌ను కాల్చితే మిగిలే బూడిద 28 శాతం దాటితే మట్టి కలిసిన సరుకని వదిలేయాలి. పైగా అంతా పొడిపొడి: నెమరు తగ్గుతుంది, లాలాజలం ఊరదు, పొట్ట ఉబ్బుతుంది. అందుకే కత్తిరించని పొడవాటి గడ్డి కొంతైనా తప్పనిసరి.

పచ్చిగా పెట్టకూడదు. 20–25 శాతం తేమతో కుప్పపోసి, పాలిథిన్ కప్పి 3 వారాలు మాగనివ్వాలి. లోపల వేడి 55–60 డిగ్రీలకు చేరాలి. అది దాటితే లిట్టర్ నల్లబడి మాడు వాసన కొడుతుంది, మాంసకృత్తులు ఒంటబట్టవు. ఈ వేడికి సాల్మొనెల్లా చస్తుంది గానీ పశువును పడేసే బొటులిజం జబ్బు క్రిమి బీజాలు చావవు. చచ్చిన కోడి ముక్క ఒక్కటి కలిసినా చాలు: వెనక కాళ్లు పడిపోతాయి, నాలుక వేలాడుతుంది, పశువు లేవదు.

గొర్రెలకు లిట్టర్‌లోని రాగి విషం. అందులో మిగిలిన కోళ్ల మందులు పాలలోకి వస్తాయి. లేయర్ (గుడ్లు పెట్టే) కోళ్ల పెంటలో సున్నం ఎక్కువ, చూడి చివరి నెలలో పెడితే ఈనగానే పాలజ్వరం.

యూరియా పద్ధతిలో 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. పొరలుగా పరిచి, చల్లి, తొక్కి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు ఉంచాలి. మాంసకృత్తులు 7–8 శాతానికి పెరుగుతాయి. అసలు లాభం వేరే ఉంది: అమ్మోనియా గడ్డి పీచులోని బంధాలను వదులు చేస్తుంది, గడ్డే బాగా అరుగుతుంది. లిట్టర్ ఈ పని చేయదు.

గాలి చొరబడితే బూజు పడుతుంది. యూరియా పలుకులు నీళ్లలో కరగకపోతే అక్కడక్కడ యూరియా ముద్దకట్టి ప్రమాదం. మిగిలిన ద్రావణాన్ని పశువు తాగితే గంటలోపే వణుకు, నురగ, ఉబ్బరం. చల్లటి నీళ్లు, వెనిగర్ పట్టిస్తూ డాక్టర్‌ను పిలవాలి. కుప్ప విప్పాక గంటసేపు ఆరబోసి పెట్టాలి. 6 నెలల లోపు దూడలకు వద్దు.

పాలు ఎక్కువిచ్చే గేదెకు ఈ గడ్డి ఒక్కటే చాలదు, పైన నూనెగింజల చెక్క కావాలి. వేరుశనగ చెక్కకు బూజు పట్టి ఉంటే ఎంత చౌకగా వచ్చినా కొనొద్దు, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం నేరుగా పాలలోకి దిగుతుంది.