కౌన్సెలింగ్ మాస్టర్స్: మూడేళ్ల చదువు, ఒక విద్యార్థిని సమీక్ష

టెక్సాస్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో, ఉద్యోగం చేసుకుంటూనే, క్లినికల్ మెంటల్ హెల్త్ కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ పూర్తి చేశాను. ఈ చదువులో చేరదలచిన మనవాళ్లు ర్యాంకుల కంటే ముందు కోర్సుకు కాక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సుల ప్రమాణాలను పరిశీలించే అమెరికా సంస్థ, CACREP) గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని రాష్ట్రాలు కౌన్సెలర్ లైసెన్సుకు ఆ గుర్తింపునే అడుగుతాయి. అలాంటి కోర్సులో 60 క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికమ్ (ఇంటర్న్‌షిప్‌కు ముందు పర్యవేక్షణలో చేసే తొలి సాధన), 600 గంటల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. ఆ 600లో కనీసం 240 గంటలు క్లయింట్లతో నేరుగా పనిచేసినవై ఉండాలి.

సిద్ధాంతాల తరగతులు బాగానే సాగాయి. అయితే కట్టిన ఫీజుకు నాకు నిజంగా దక్కిన ఫలం సూపర్‌విజన్. వారానికో గంట సూపర్‌వైజర్ పక్కన కూర్చుని మనం చేసిన కౌన్సెలింగ్ రికార్డింగును మనమే వినాలి. నా మొదటి రికార్డింగులో, క్లయింటుగా నటించిన సహవిద్యార్థిని తండ్రి గురించి చెబుతూ గొంతు పూడుకుపోయి ఆగింది. నేను మూడు సెకన్లు కూడా ఓపిక పట్టలేక ఓదార్పు మాట అనేశాను. సూపర్‌వైజర్ అక్కడే ఆపి, "ఈ మాట ఆమె కోసం అన్నారా, మీ ఇబ్బంది తీరడానికి అన్నారా?" అని అడిగారు. ఏడ్చేవాళ్లను "ఊరుకో, ఊరుకో" అని సముదాయించే ఇంట్లో పెరిగిన నాకు, ఊరుకోమనకుండా ఎదురుగా కూర్చోవడం అలవడడానికి ఒక సెమిస్టరు పట్టింది.

ఆత్మహత్య ఆలోచన ఉందేమోననిపిస్తే సూటిగా అడగాలనీ, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదనీ చక్కగా నేర్పారు. కానీ మాతృభాషలో క్లయింటును చూడబోయేవారికి తోడ్పాటేమీ లేదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని తెలుగులో పైకి అనడానికి నాకు నోరు రాలేదు, రాత్రిళ్లు వంటింట్లో ఒంటరిగా నిలబడి అని అని అలవాటు చేసుకున్నాను.

పెద్ద లోపం ఇంటర్న్‌షిప్ విషయంలో ఉంది. చోటు వెతుక్కునే భారమంతా విద్యార్థులదే. విభాగం ఇచ్చిన జాబితాలో సగం చోట్ల ఇంటర్న్‌లను తీసుకోవడమే మానేశారు. నాకు చోటు దొరికేసరికి నాలుగు నెలలు గడిచాయి, అదీ జీతం లేకుండా. డిగ్రీ తర్వాత కూడా టెక్సాస్‌లో పూర్తి లైసెన్సు రావాలంటే అసోసియేట్‌గా (పూర్తి లైసెన్సుకు ముందు దశ), కనీసం 18 నెలల పాటు, 3,000 గంటలు పర్యవేక్షణలో పనిచేయాలి. కాబట్టి చేరేముందే, గత ఏడాది విద్యార్థులకు ఇంటర్న్‌షిప్ ఎక్కడెక్కడ దొరికిందో, ఎన్నాళ్లకు దొరికిందో విభాగాన్ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.