చిక్కుడు గింజ నానవెట్టి పెట్టాలా, పొడిగనే పెట్టాలా?

మిరుగు (మృగశిర కార్తె) వచ్చిందంటే మా హన్మకొండ ఇంట్ల ప్రతిసారి ఇదే పంచాయితి. అమ్మ రాత్రంతా నానవెట్టమంటది, నేను పొడి గింజనే పెడ్తా అంట. రెండూ చేసి చూసిన, అందుకే రాస్తున్న.

నానవెడ్తే ఒకటి రెండు రోజులు ముందు మొలుస్తది, నిజమే. కానీ బాగ ఎండిన గింజ ఒక్కసారే నీళ్లు గుంజుకుంటే లోపల బద్దలు చీలుతయి, పైగా రాత్రంతా మునిగున్న గింజకు గాలి అందది. పోయినేడు నానిన గింజలు పెట్టిన రోజే సాయంత్రం వాన దంచి కొట్టింది, మూడోనాడు తవ్వి చూస్తే వేళ్ల మధ్యల మెత్తగ జారిపోయినయి, ఒకటే కుళ్లు వాసన. మొలకకు తడి ఎంత కావాలెనో గాలి గూడ అంతే కావాలె, బురదల అదెక్కడ దొరుకుతది? అందుకే వానకాలం పొడి గింజే మేలు, అంగుళం లోతు చాలు.

పాత గింజలైతే మాత్రం తడి గుడ్డల మూట కట్టుడే మంచిది. పది గింజలు కట్టి చూస్తే ఎన్ని పనికొస్తయో తెలిసిపోతది, కాకపోతే తెల్లగ వేరు మొన కనవడంగనే మట్టిల పెట్టెయ్యాలె, పొడుగైనంక ముట్టుకుంటే తెగుతది.

ఇగ నేల సంగతి, నా లెక్కల అసలు తేడా ఇక్కడనే. రేగడిల నీళ్లు నిలుస్తయి, బోదె మీద, అంటే మట్టి ఎత్తుగ లేపిన కట్ట మీద, పెడ్తే గండం గడుస్తది. చెల్కల, అంటే ఎర్ర ఇసుక నేలల, నీళ్లు దిగుతయి గానీ వాన పడి ఎండ కొట్టిందంటే పైన పెచ్చు కడ్తది. కందికి బద్దలు మట్టిలనే ఉంటయి, మొలక ఒక్కటే పైకొస్తది, చిక్కుడు అట్ల కాదు, రెండు బద్దలను నెత్తిన పెట్టుకొని మెడ వంచి లేవాలె పాపం. పెచ్చు గట్టిగుంటే ఆ మెడ అక్కడ్నే విరుగుతది, మనమేమో గింజ మంచిది కాదనుకుంటం. మట్టి కొంచెం పగిలి లేస్తున్నట్టు కనవడ్తే చేత్తో నాలుగు నీళ్లు చిలకరించి పెచ్చు మెల్లగ చిదపాలె. రేగడా చెల్కనా అంటే నేను చెల్కనే అంట, కొంచెం పశువుల ఎరువు కలిపితే పెచ్చు గూడ తగ్గుతది.

కూరగాయల అంగట్ల దొరికే సన్న బీన్స్‌కు మాత్రం ఈ లెక్క నడవది. అది చల్లదనం కోరుకుంటది, ఇరవై ఇరవై ఐదు డిగ్రీలల్ల హాయిగ మొలుస్తది, మన వరంగల్ మే ఎండలకు తట్టుకోదు. దసరా పోయినంక పెట్టుండ్రి.

అమ్మతోని ఈసారి రాజీ కుదిరింది, పాత గింజలు గుడ్డల, కొత్తయి పొడిగనే.