స్టెంట్ పడ్డాక బీ విటమిన్ మాత్రలు: ఏళ్ల తరబడి వాడి చెబుతున్నది

ముందే చెప్పేస్తాను. ఈ మాత్రలతో నా రక్తంలో హోమోసిస్టీన్ (ఎక్కువైతే గుండెజబ్బుతో సంబంధం ఉందనుకునే ఒక పదార్థం) దిగింది, అరికాళ్ల తిమ్మిర్లు పోయాయి. రక్తనాళాలకు మేలు జరిగిందా అంటే, జరిగిందని చెప్పే ధైర్యం నాకు లేదు.

మాది హిందూపురం. ఉద్యోగానికని బెంగళూరు వచ్చి ఇక్కడే ఉండిపోయాం. గుడ్డు కూడా ముట్టని ఇల్లు, పైగా ఏళ్లుగా షుగరుకు మెట్‌ఫార్మిన్. బీ12 తగ్గడానికి ఈ రెండూ చాలు. స్టెంట్ వేశాక చేసిన పరీక్షల్లో బీ12 బాగా తక్కువని, హోమోసిస్టీన్ 26 అని వచ్చింది. మామూలుగా 15 లోపు ఉండాలి. ఆస్పిరిన్, స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర)లతో పాటు ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాములు, మిథైల్‌కోబాలమిన్ (అంటే బీ12) 1500 మైక్రోగ్రాములు, బీ6 రాశారు.

మనం తినే ప్రోటీన్లలోని మిథియోనిన్ నుంచి ఒంట్లో హోమోసిస్టీన్ తయారవుతుంది. ఫోలేట్ (మాత్రల్లో ఉండే ఫోలిక్ యాసిడ్ దీని రూపమే), బీ12 కలిసి దాన్ని తిరిగి మిథియోనిన్‌గా మారుస్తాయి, బీ6 ఇంకో దారిలో వదిలించుకోవడానికి పనికొస్తుంది. పుట్టుకతోనే ఇది విపరీతంగా పెరిగే జబ్బున్న పిల్లల రక్తనాళాలు ముసలివాళ్లలో లాగా పాడైపోవడం చూసి, 1969లో అమెరికన్ డాక్టర్ కిల్మర్ మెకల్లీ గుండెజబ్బుకూ దీనికీ సంబంధం ఉందన్నారు. అయితే దించితే సరిపోతుంది కదా అని అందరికీ ఆశ పుట్టింది.

ఆ ఆశ 2006లో చాలావరకు నీరుగారింది. హోప్-2 అనే పరీక్షలో 5,522 మందికి సుమారు ఐదేళ్లు ఈ మూడు విటమిన్లో, ఉత్తుత్తి మాత్రలో ఇచ్చారు. హోమోసిస్టీన్ తగ్గింది, గుండెపోట్లు మాత్రం తగ్గలేదు. పక్షవాతం కాస్త తక్కువగా కనిపించింది. నార్వేలో గుండెపోటు వచ్చినవాళ్ల మీద చేసిన నార్విట్‌లోనూ ఫలితం లేదు. చేతికి పట్టీ బిగించి వదిలాక రక్తనాళం ఎంత విప్పారుతుందో స్కానులో చూసే చిన్న పరీక్షల్లో కొన్నిటిలో ఫోలిక్ యాసిడ్ బాగా పనిచేసినట్టు తేలింది. అమ్మేవాళ్లు చూపించేది ఆ కాగితాలే. నాకు మాత్రం నాళం విప్పారడం కంటే గుండెపోటు రాకపోవడం ముఖ్యం.

హోమోసిస్టీన్ రిపోర్టు సంగతి కూడా చెప్పాలి. ఒకసారి ఇంటికొచ్చి రక్తం తీసుకున్న కుర్రాడు ట్యూబుని మామూలు సంచిలో పడేసుకుని, బండి మీద ఇంకో నాలుగిళ్లు తిరిగాడు. 19 వచ్చింది, ఇంట్లో అందరికీ టెన్షన్. డాక్టరు గారు రిపోర్టు చూసి, "ఐసులో పెట్టాడా?" అని అడిగారు. తీసిన రక్తాన్ని చల్లగా ఉంచి త్వరగా ప్లాస్మా వేరు చెయ్యకపోతే, ఎర్ర కణాల్లోంచి హోమోసిస్టీన్ బయటికొచ్చి అంకె పెరుగుతుందట. ఈసారి పొద్దున్నే పరగడుపున నేనే ల్యాబుకెళ్లి, ట్యూబు ఐసులోకి వెళ్లడం కళ్లారా చూసి వచ్చాను. 11.

మందుల షాపులో అడిగింది లేకపోతే "సార్, ఇదే కాంబినేషన్" అని పది రకాలు కలిపిన ఖరీదైన స్ట్రిప్పు ఇస్తారు. వెనక అక్షరాలు చదవండి. ఉత్త ఫోలిక్ యాసిడ్ చాలా చవక. బీ2 ఉన్నది వేసుకుంటే మూత్రం ముదురు పసుపుగా వస్తుంది, దానికి కంగారు అక్కర్లేదు. బీ6తో మాత్రం జాగ్రత్త: ఎక్కువ డోసు చాలాకాలం వాడితే అదే నరాలను దెబ్బతీసి తిమ్మిర్లు తెస్తుంది. బీ12 చూసుకోకుండా ఒక్క ఫోలిక్ యాసిడే మింగితే రక్తహీనత సర్దుకున్నట్టు కనిపిస్తుంది, లోపల నరాల నష్టం సాగుతూనే ఉంటుంది.

జుట్టు కోసం బయోటిన్ వాడే హృద్రోగులు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. అదీ బీ విటమినే. పెద్ద డోసులో ఉంటే, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కొన్ని యంత్రాల్లో తప్పుగా తక్కువ చూపించవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. ఎమర్జెన్సీకి వెళితే ఆ సంగతి ముందే చెప్పాలి.

మా అపార్ట్‌మెంట్‌లో ఒక పెద్దాయన ఇవి వేసుకుంటున్నాను కదా అని స్టాటిన్ మానేస్తానన్నారు. వద్దని గట్టిగానే చెప్పాను. నాకు ఇప్పుడు డాక్టరు గారు బీ6, ఫోలిక్ యాసిడ్ ఆపేశారు. మెట్‌ఫార్మిన్ ఉన్నన్నాళ్లూ బీ12 కొనసాగుతుంది, అది గుండె కోసం కాదు, నరాల కోసం.