రెండు పురుగులు ఒకే జాతా? మైక్రోస్కోప్ చాలా, డీఎన్ఏ కావాలా?

రెక్కల మీది మచ్చలు చూసి "రెండూ ఒకటే" అనేయడం తేలిక. తేల్చడమే కష్టం.

ఖర్చు: మైక్రోస్కోప్ ఒకసారి కొంటే ఏళ్లపాటు పనికొస్తుంది. డీఎన్ఏకి ప్రతి నమూనాకూ ల్యాబ్ ఖర్చే.

శ్రమ: మైక్రోస్కోప్ కింద చాలాసార్లు మగపురుగు జననాంగాలు విడదీసి చూడాలి. చెయ్యి తిరగాలి, ఓపికా కావాలి. డీఎన్ఏకి ఒక్క కాలు చాలు. గుడ్డయినా, లార్వా అయినా ఫర్వాలేదు.

రిస్క్: అసలు చిక్కు ఇక్కడే. కోస్టారికాలో ఒకే జాతి అనుకున్న అస్ట్రాప్టెస్ ఫల్గరేటర్ సీతాకోకచిలుకలో 10 జాతులున్నాయని 2004లో డీఎన్ఏ బార్‌కోడింగ్ (చిన్న డీఎన్ఏ ముక్కను పోల్చి జాతిని గుర్తించే పద్ధతి) సూచించింది. రెక్కలొచ్చాక అన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి; గొంగళిపురుగుల రంగులు, అవి తినే మొక్కలు మాత్రం వేరు. అలాగని బార్‌కోడ్‌నూ గుడ్డిగా నమ్మలేం. అది తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా జన్యువులో ఒక ముక్క. రెండు జాతుల మధ్య ఎప్పుడో సంకరం జరిగి ఉంటే తికమక పెడుతుంది.

పాత మ్యూజియం నమూనాలకు, బాగా తెలిసిన గుంపులకు మైక్రోస్కోపే మేలు. మన దేశంలో మలేరియా మోసే అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ దోమలో కంటికి తేడా తెలియని 5 జాతులున్నాయి, అందులో 'బి' అని పిలిచే జాతి మలేరియాను పెద్దగా మోయదు. అక్కడ డీఎన్ఏ వైపే మొగ్గాలి. రెండు పరీక్షలూ చెరో మాట చెబితే, పురుగు ఏ మొక్క మీద దొరికిందో చూడండి.