జరీ దగ్గర తేలిపోయిన ఎఫ్/1.2 లెన్సు

మంగళగిరి గుంటమగ్గాల మీద నేసే చీరలకు అమ్మకం కోసం ఫొటోలు తీయడం నా పని కనుక, ఈ 50 ఎం.ఎం. ఎఫ్/1.2 లెన్సు గురించి నేను చెప్పేదంతా నూలు, జరీ, మగ్గం గదుల మసక వెలుతురు చుట్టూనే తిరుగుతుంది. బరువు, ధర, పెట్టెలో ఏమేమి వస్తాయన్న సంగతులు అందరికీ తెలిసినవే. చాలాకాలం వాడిన తరువాత దీని మీద నాకు మిగిలిన అభిమానమూ, అంతకంటే కాస్త ఎక్కువగానే ఉన్న కోపమూ పూర్తిగా తెరిచిన ఎపర్చర్‌కు సంబంధించినవే; ఎపర్చర్ అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ పక్కన అంకె చిన్నదయ్యేకొద్దీ అది పెద్దదవుతుంది.

నేతగాడు గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటాడు కాబట్టి పడుగు (మగ్గం మీది నిలువు దారాలు) నేలకు దగ్గరగా ఉంటుంది. గదికున్న ఒక్క కిటికీ నుంచి వచ్చే వెలుతురు అక్కడికి చేరేసరికి సన్నగిల్లిపోతుంది. ఫ్లాష్ వాడితే జరీ మీద తెల్లని మెరుపు మచ్చలు పడి నేత కనిపించకుండా పోతుంది. పాత ఎఫ్/1.8 లెన్సుతో పోలిస్తే ఇది రెండింతలకు పైగా వెలుతురును లోపలికి రానిస్తుంది కనుక, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే సున్నితత్వం) 3200 తప్పనిసరి అయిన చోట 1600 కూడా అక్కరలేదు. అడ్డ దారమైన పేకను మోసే నాడె విసిరే చేయి కదిలిపోకుండా, గది చీకటి చీకటిగానే ఉంటూ ముఖం మాత్రం వెలుగుతూ వచ్చిన చిత్రాలు చూసి, అడిగినవారందరికీ దీన్ని ఎఫ్/1.2 దగ్గరే వాడమని చెబుతూ వచ్చాను. ఇప్పుడైతే ఆ మాట మనుషుల చిత్రాలకు మాత్రమే చెబుతాను.

ఒకసారి నేతగాడి భుజం మీదుగా, పేక పడుతున్న చోట ఫోకస్ పెట్టి, తెల్ల పడుగు మీద బంగారు జరీ అంచు నేస్తుండగా తీశాను. చిత్రాన్ని లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, "ఈ ఆకుపచ్చ పోగులు మా మగ్గం మీద ఎక్కడున్నాయండీ?" అని అడిగారు. అచ్చుకు (పేకను దగ్గరికి కొట్టే దువ్వెన లాంటి భాగానికి) అవతల ఉన్న తెల్ల దారాలన్నింటికీ ఆకుపచ్చ అంచు, ఇవతల నేసిన జరీకి ఊదా అంచు పట్టాయి. వేర్వేరు రంగుల కాంతి ఒకే దూరంలో కేంద్రీకృతం కాకపోవడం వల్ల ఫోకస్‌కు ముందు ఊదా, వెనుక ఆకుపచ్చ కనిపించే ఈ దోషాన్నే లాంగిట్యూడినల్ క్రోమాటిక్ అబెరేషన్ అంటారు. పెద్ద ఎపర్చర్ లెన్సుల్లో ఇది కొత్త కాదు. అయితే తెల్ల దారాలు వరుసగా దూరానికి సాగే పడుగు కంటే దీన్ని బయటపెట్టే వస్తువు మరొకటి దొరకదేమో.

సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవచ్చు కదా అంటారు. చిత్రం అంచుల్లో పక్కకు పడే రంగుల తేడా అలా సులువుగానే పోతుంది గాని, ఇది లోతును బట్టి మారుతుంది కనుక ఆ ఊదా రంగును వెలిసిపోయేలా చేయడం తప్ప మార్గం లేదు. వంగపండు రంగు చీర మీద ఆ పని చేయగానే జరీ పక్కన ఉన్న అసలు రంగు కూడా బూడిదగా మారింది. అద్దకం వెలిసిందనుకుని కొనేవారు వెనుకాడితే నష్టపోయేది నేతగాడే.

ఎఫ్/2 దగ్గర దోషం తగ్గుతుంది, ఎఫ్/2.8 దగ్గర దాదాపు కనిపించదు. పైగా మీటరు దూరంలో ఎఫ్/1.2 వద్ద స్పష్టత మూడు సెంటీమీటర్ల లోతుకు మించదు కనుక, అంచూ, చీర మధ్య భాగమైన ఒడలూ రెండూ తేటగా రావాలంటే ఎలాగూ ఎపర్చర్ మూయవలసిందే. కానీ ఎఫ్/2.8 దగ్గర వాడడానికైతే ఇంత డబ్బు పోయడం దేనికన్నదే నా కోపం; ఆ పని పాత లెన్సూ చేస్తుంది.

పెళ్లిళ్లు, పిల్లల ఫొటోలు తీసేవారికి చర్మం మీద ఈ రంగులు ఎప్పుడో తప్ప కనిపించవు; వారు నిశ్చింతగా కొనుక్కోవచ్చుననే అనుకుంటున్నాను. నేను మాత్రం దీన్ని అమ్మడం లేదు. ముసురు పట్టిన రోజుల్లో మగ్గం దగ్గర మనిషిని తీయడానికి ఇదే కావాలి, చీరలకు ఎఫ్/1.8 లెన్సే పెడుతున్నాను. రంగులను మరింత కచ్చితంగా కలిపే ఖరీదైన లెన్సు కొనే స్తోమత ఉండి ఉంటే ఈ రెండింటి అవసరమూ ఉండేది కాదేమో.