సముద్రపు అడుగున ఆప్టోడ్‌తో ఎనిమిదేళ్లు

విశాఖ నుంచి బంగాళాఖాతంలో లాండర్, అంటే సముద్రపు అడుగున కూర్చుని కొలతలు తీసే చట్రం, దింపే పనిలో చేరి ఎనిమిదేళ్లయింది. అడుగు నీటిలో ఆక్సిజన్ కొలవడానికి మొదటి క్రూయిజ్ (ఓడ ప్రయాణం) నుంచీ వెలుగుతో పనిచేసే సెన్సర్ ఆప్టోడే వాడుతున్నాను. ఇప్పటికి మూడు నా చేతుల మీదుగా పనిచేశాయి. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే ఇబ్బందులు ఈ రకం సెన్సర్లన్నిటికీ ఉన్నవే. ముందుగా ఒక మాట: ఇది సముద్రంలో ఉన్నప్పటికంటే బీరువాలో ఉన్నప్పుడే ఎక్కువ చెడుతుంది. కొన్నప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

చూడ్డానికి చేతిలో పట్టే చిన్న టార్చిలా ఉంటుంది. కొసన బిళ్లలా ఒక ఫాయిల్. అందులో ప్లాటినం ఉన్న పార్ఫిరిన్ రంగు కలిపి ఉంటారు. లోపలి నుంచి నీలిపచ్చ వెలుగు పడితే ఆ రంగు ఎర్రగా మెరుస్తుంది. ఆక్సిజన్ తగిలిందా, మెరుపు తొందరగా ఆరిపోతుంది. ఎంత తొందరగా ఆరిందో చూసి ఎంత ఆక్సిజన్ ఉందో చెబుతుంది. అంతే, ఇందులో ఆక్సిజన్ ఖర్చయ్యేది ఏమీ లేదు.

నేను దీన్ని వదలకపోవడానికి కారణం అదే. కరెంటుతో కొలిచే పాత రకం సెన్సర్ క్లార్క్ ఎలక్ట్రోడ్ కొలిచే కొద్దీ తానే ఆక్సిజన్ తినేస్తుంది, కాబట్టి ముందు నీరు కదులుతూ ఉండాలి. లాండర్ అడుగున బోర్లించిన గిన్నెలాంటి చాంబర్ ఉంటుంది. అది బురదలోకి దిగి కొంత నీటిని మూసి ఉంచుతుంది. లోపలి జీవులు పీల్చే కొద్దీ రీడింగ్ కిందికి జారుతుంది, ఆ జారుడు వేగమే మాకు కావలసిన లెక్క. అంత కొద్ది నీటిలో సెన్సర్ కూడా వాటాకొస్తే లెక్క తప్పుతుంది. పైగా బురదలోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ వచ్చే చోట క్లార్క్ ఎలక్ట్రోడ్‌లో వెండి దెబ్బతింటుంది. ఆప్టోడ్‌కు ఆ బాధ లేదు. దిగగానే లేచే బురద మబ్బు సర్దుకునేదాకా వచ్చిన రీడింగులు మాత్రం నేను పక్కన పెట్టేస్తాను.

ఇక బీరువా సంగతి. ఒక ఏడాది ఓడ దొరక్క పది నెలలు పెట్టెలోనే ఉంచాం. బయల్దేరే ముందు బకెట్ నీటిలో అక్వేరియం పంపుతో గాలి బుడగలు వదిలి చూస్తే నూరు శాతం చూపాల్సింది 94 చూపించింది. మాతో కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, నీళ్లలో దింపకుండానే ఇదెలా పాడైంది?" అన్నాడు. ఫాయిల్ అంతే. వాడకుండా ఉంచితే ఏడాదికి కొన్ని శాతం చొప్పున చురుకు తగ్గుతుంది, కొత్త ఫాయిల్‌కు ఇంకాస్త ఎక్కువ. నీటిలో దింపి ఉంచినంతకాలం ఆ జారుడు చాలా తక్కువ. అందుకే ఫ్యాక్టరీ సర్టిఫికెట్ పెట్టెలో ఉన్నా, ప్రతి క్రూయిజ్‌కు ముందు ఫాయిల్‌ను రెండు రోజులు నానబెట్టి, గాలి నింపిన నీటిలో ఒకసారి, సోడియం సల్ఫైట్ కలిపి ఆక్సిజన్ లేకుండా చేసిన నీటిలో ఒకసారి సరిచూసుకోవాల్సిందే. పాతబడిన ఫాయిల్ నిలకడగా ఉంటుంది, గీతలు పడితే తప్ప మార్చకండి. ఎండలో వదిలేయకండి, వెలుగుకు రంగు చస్తుంది. ఒకసారి మా ల్యాబ్‌లో ఎవరో శుభ్రంగా ఉంటుందని అసిటోన్‌తో తుడిచారు. ఆ ఫాయిల్ మళ్లీ పనికిరాలేదు.

రెండు సెట్టింగుల దగ్గర చాలామంది దెబ్బతింటారు. సెన్సర్‌లో లవణీయత సున్నాగా వదిలేస్తే మన సముద్రపు నీటిలో రీడింగ్ దాదాపు ఐదో వంతు ఎక్కువొస్తుంది. అలా వచ్చిన ఒక క్రూయిజ్ డేటా మొత్తం నేను మళ్లీ లెక్కగట్టాను. రెండోది ఒత్తిడి. ప్రతి వెయ్యి మీటర్లకు 3 శాతం పైచిలుకు తక్కువ చూపుతుంది. కృష్ణా గోదావరి బేసిన్ లోతు నీటిలో ఈ సవరణ మరిస్తే బురద పీల్చిన లెక్కే మారిపోతుంది.

దీని అసలు హద్దు సున్నా దగ్గర బయటపడుతుంది. బంగాళాఖాతంలో సుమారు 150 మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్ల దాకా ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఉపరితలంలో లీటరుకు 200 మైక్రోమోల్ దాకా ఉండేది అక్కడ 1 కంటే కూడా చాలా దిగువకు పోతుంది. నా ఆప్టోడ్ మాత్రం ఆ లోతులో 2, 3 అంటుంది. తీరం నుంచి లోతుకు దిగే వాలు మీద దింపిన లాండర్‌లోనూ అదే కథ. ఆ కాస్త తేడాయే ఇక్కడ ముఖ్యం. 2017లో అచ్చయిన ఒక పరిశోధనలో, డెన్మార్క్‌లో తయారైన స్టాక్స్ అనే అతి సున్నిత సెన్సర్‌తో కొలిస్తే ఇక్కడ లీటరుకు 10 నుంచి 200 నానోమోల్ (మైక్రోమోల్‌లో వెయ్యో వంతు) దాకా ఆక్సిజన్ కనిపించింది. అరేబియా సముద్రంలోలా ఇక్కడ నైట్రేట్ పెద్ద ఎత్తున నైట్రోజన్ వాయువుగా మారి పోకుండా ఆపుతున్నది ఆ లవలేశమేనని ఆ పరిశోధన అంచనా. ఆప్టోడ్‌కు అది అందదు.

అందుకే నీటి సీసాలో రసాయనాలు కలిపి ఆక్సిజన్ తేల్చే 1888 నాటి వింక్లర్ పద్ధతిని నేను ఇప్పటికీ వదల్లేదు. సీసాలో మాంగనీసు ద్రావణం, ఆ పైన క్షారం కలిపిన అయొడైడ్ వేసి కుదిపితే ఉపరితలపు నీటిలో గోధుమరంగు ముద్ద దిగుతుంది. 300 మీటర్ల సీసాలో ముద్ద దాదాపు తెల్లగానే ఉండిపోతుంది. డెక్ మీద ఆ తెల్లటి ముద్దను చేతిలో పట్టుకుని, పక్కన కంప్యూటర్‌లో 2.6 చూస్తున్నప్పుడు నేను సీసానే నమ్ముతాను. వింక్లర్ కూడా నానోమోళ్ల దాకా రాదు, కానీ సెన్సర్ సున్నా ఎంత పైకి జరిగిందో అదే చెబుతుంది.

మళ్లీ కొనాల్సి వస్తే ఆప్టోడే కొంటాను. చాంబర్‌లో ఆక్సిజన్ తగ్గే వేగం పట్టుకోవడంలో నాకు ఇంతకంటే నమ్మకమైనది దొరకలేదు. సున్నా ఎక్కడో తేల్చాలంటే మాత్రం దీని రీడింగ్ ఒక్కదాని మీద పేపర్ రాయను. వచ్చే నెల క్రూయిజ్‌కు రెండు ఇప్పటికే బకెట్లో నానుతున్నాయి, పైన నల్ల గుడ్డ కప్పి.