పీహెచ్‌పీ నుంచి పైథాన్‌కి: ఒకేసారి మారాలా, ముక్కలుగానా?

పాత పీహెచ్‌పీ అప్లికేషన్‌ను పైథాన్‌లోకి మార్చాలనుకునేవాళ్ళంతా అడిగే ప్రశ్న ఇదే: మొత్తం కొత్తగా రాసి ఒక రాత్రి స్విచ్ చేసేయాలా, ఒక్కో పేజీ మార్చుకుంటూ పోవాలా? పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్కుల్లో జాంగోనా, ఫ్లాస్కా అన్నది ఆ తర్వాతి సంగతి. ఇక్కడ జాంగో అనే అనుకుందాం.

ఒకేసారి రాసుకుంటే హాయి. టేబుళ్ల డిజైన్ కూడా మార్చుకోవచ్చు, రెండు కోడ్‌లు చూసుకునే బాధ ఉండదు. పది పదిహేను స్క్రీన్లదైతే నేనూ అదే చేస్తాను. పెద్దదైతే, కొత్తది రాస్తున్నన్నాళ్ళూ కస్టమర్లు ఊరుకోరు. వాళ్ళడిగిన ప్రతి మార్పూ పాతదాంట్లో ఒకసారి, కొత్తదాంట్లో ఒకసారి చేయాలి. ఎంత ఆలస్యమవుతుందో చూడండి: నెట్‌స్కేప్ బ్రౌజర్ 4.0 వచ్చింది 1997లో. కోడ్ దాదాపు మొదటినుంచి తిరగరాయడంతో 5.0 రానేలేదు, 6.0 వచ్చేసరికి 2000 నవంబర్ అయింది.

ఆలస్యం సరే, అసలు చిక్కు వేరే ఉంది. పాత కోడ్ ఏమేం చేస్తోందో పూర్తిగా ఎక్కడా రాసిపెట్టి ఉండదు. బిల్లు 1240.50 రూపాయలు వచ్చిందనుకోండి. రౌండ్ ఫంక్షన్‌కిస్తే పీహెచ్‌పీ 1241 అంటుంది, పైథాన్ 3 మాత్రం 1240 అంటుంది. సరిగ్గా సగం వస్తే పైథాన్ దగ్గరి సరిసంఖ్య వైపు వెళ్తుంది మరి. ఎర్రర్ రాదు, టెస్టుల్లోనూ కనపడకపోవచ్చు. నెలాఖరున ఆడిటర్ ఫోన్ చేస్తాడు. అలాగే పీహెచ్‌పీలో ఖాళీ అర్రే జేసన్‌గా (యాప్‌లు డేటా పంపుకునే టెక్స్ట్ రూపం) మారితే చదరపు బ్రాకెట్లు వస్తాయి, పైథాన్‌లో ఖాళీ డిక్షనరీకి మీసాల బ్రాకెట్లు. పాత మొబైల్ యాప్ మొదటిదానికే అలవాటుపడి ఉంటే అక్కడే క్రాష్.

ఇలాంటివి పట్టుకోవాలంటే పాతదీ కొత్తదీ కొన్నాళ్ళు పక్కపక్కనే నడవాలి. అందుకే నా ఓటు ముక్కలకే. ముందు, వచ్చిన రిక్వెస్టులను యూఆర్‌ఎల్‌ని బట్టి పాతదానికో కొత్తదానికో పంపే వెబ్ సర్వర్ ఎన్‌జింక్స్ పెట్టి, రిపోర్టుల యూఆర్‌ఎల్‌ ఒక్కటే జాంగోకి పంపండి. డేటాబేస్ అదే. జాంగోలోని ఇన్‌స్పెక్ట్‌డీబీ కమాండ్ ఉన్న టేబుళ్ల నుంచే మోడళ్ళు (టేబుళ్లను వర్ణించే పైథాన్ క్లాసులు) తీసిస్తుంది, మైగ్రేషన్లు (టేబుళ్లను మార్చే జాంగో స్క్రిప్టులు) ఆ టేబుళ్లను ముట్టుకోవు. పాతదీ కొత్తదీ ఇచ్చే జవాబులు పోల్చి చూడండి. తేడా వస్తే ఎన్‌జింక్స్‌లో ఒక్క లైను వెనక్కి మార్చి రీలోడ్ కొడితే చాలు.

ఇంకో రెండు దారులున్నాయి. పీహెచ్‌పీ 5.6కి 2018తో సెక్యూరిటీ ప్యాచ్‌లు ఆగిపోయాయన్నదే మీ టెన్షన్ అయితే, పీహెచ్‌పీ 8కి వెళ్ళండి, ఖర్చు తక్కువ. ఏఐతో కోడ్ మార్పించడమంటారా, టైపింగ్ తగ్గుతుంది, పోల్చి చూసే పని తగ్గదు.

ముక్కల దారిలో అసలు తలనొప్పి లాగిన్. ఎవరు లాగిన్ అయ్యారో గుర్తుపెట్టుకునే పీహెచ్‌పీ సెషన్‌ను జాంగో నేరుగా చదవలేదు కాబట్టి రెండూ చదవగలిగే టోకెన్ ఒకటి ముందే పెట్టుకోవాలి. పాస్‌వర్డ్ హ్యాష్‌లనూ (పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేకుండా మార్చి దాచిన రూపం) జాంగో ఉన్నవున్నట్టు తీసుకోదు, వాటి ముందు అల్గారిథమ్ పేరు తగిలించాలి. లాగిన్ పేజీని, పేమెంట్లను మాత్రం అన్నిటికన్నా చివర కదపండి.